ధ్రువపత్రమా, అనుభవమా? – నెట్‌వర్కింగ్ రంగంలో మన పిల్లలు

(మైనారిటీ యువత ఉపాధి అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ నెట్‌వర్కింగ్ రంగంలో ధ్రువపత్రానికి ఎక్కువ విలువా, అనుభవానికి ఎక్కువ విలువా అన్న అంశంపై మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. అయితే మన బస్తీ పిల్లల దరఖాస్తులు నింపిపెట్టే పనిలో ఉన్నాను కనుక ఈ ప్రశ్న తరచుగా నా ముందుకు వస్తూనే ఉన్నది. అడిగేది పిల్లవాడే అయినా వెనుక తల్లి నిలబడి ఉంటుంది. అమీర్‌పేటలో కోర్సు ఫీజు కట్టటానికి చేతి గాజులు తాకట్టు పెట్టవచ్చునా, వద్దా అన్నది ఆమెకు తెలియాలి. కాబట్టి ఇది కేవలం చర్చకోసం చేసే చర్చ కాదు.

మన మధ్య రెండు రకాల యువకులు కనిపిస్తున్నారు. మొదటివాడు పదో తరగతి తరువాత దుకాణంలో చేరి సీసీటీవీ కెమెరాలు బిగిస్తూ, కార్యాలయాలకు కేబుళ్ళు లాగుతూ ఎనిమిదేళ్ళు గడిపాడు. తీగల రంగుల వరుస అతని వేళ్ళకు కంఠస్థం. రాగి కేబులు వంద మీటర్లు దాటితే నమ్మరాదని ఏ పుస్తకమూ చదవకుండానే అతనికి తెలుసు. కాని ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి, 26 బిట్ల సబ్‌నెట్‌లో ఎన్ని యంత్రాలకు చిరునామాలు ఇవ్వవచ్చునని అడిగితే తల వంచుకుంటాడు. రెండవవాడు 62 అని తడుముకోకుండా చెబుతాడు. స్పానింగ్ ట్రీ అంటే ఏమిటో అరపేజీ అప్పజెబుతాడు. అయితే ఎవరో ఒకే కేబులు రెండు కొసలనూ ఒకే స్విచ్‌లో గుచ్చినందువల్ల కార్యాలయం మొత్తం స్తంభించిపోయిన రోజున, తాను అప్పజెప్పిన పాఠం ఈ గొడవ గురించేనని అతనికి తట్టదు. మొదటివాడు ఒక్కొక్క తీగే ఊడదీస్తూ పోయి పది నిమిషాల్లో తప్పు పట్టుకుంటాడు. జీతం మాత్రం రెండవవానికే ఎక్కువ. ఈ అన్యాయానికి మూలం ఏమిటో చూద్దాం.

ధ్రువపత్రం ఇచ్చేవారు ఏమంటున్నారో ముందుగా వినాలి. సిస్కో సంస్థ 1998 నుండి సీసీఎన్‌ఏ పరీక్ష నడుపుతున్నది. 2020 ఫిబ్రవరిలో ఆ స్థాయిలోని వేర్వేరు పరీక్షలను తీసివేసి ఒకే సీసీఎన్‌ఏగా మార్చింది. ఈ పరీక్ష వ్రాయటానికి డిగ్రీ అక్కరలేదు, ముందస్తు అర్హత ఏదీ లేదు. అయినా అభ్యర్థులకు ఒక సంవత్సరమో, అంతకు మించో పని అనుభవం ఉంటే మంచిదని ఆ సంస్థే సూచిస్తున్నది. ఇక ఆ రంగంలో శిఖరంగా భావించే సీసీఐఈకి 1993 నుండి ప్రయోగశాల పరీక్ష ఉన్నది. అభ్యర్థి ఎనిమిది గంటలసేపు కూర్చొని పనిచేసి చూపించాలి. అంటే ధ్రువపత్రాల మెట్లు ఎక్కేకొద్దీ అడిగేది అనుభవాన్నే. మన శిక్షణ కేంద్రాల కరపత్రాలలో ఈ మాట ఎక్కడైనా కనబడిందా?

పరీక్ష రుసుము 300 డాలర్లు. పన్నులతో కలిపితే పాతిక వేల రూపాయలు దాటుతుంది. తప్పితే మళ్ళీ పూర్తిగా కట్టవలసిందే. ఉత్తీర్ణత చెల్లేది మూడేళ్ళే, తరువాత పునరుద్ధరించుకోవాలి. ఇది పెళ్ళి పత్రికలాగా బీరువాలో దాచుకొనే కాగితం కాదు. డ్రైవింగ్ లైసెన్సులాగా గడువు ఉన్న కాగితం. తల్లిదండ్రులు ఈ లెక్క తెలుసుకొనే సంతకం పెట్టాలి.

మరి యజమానులు ఈ కాగితం ఎందుకు అడుగుతారు? పనితనం కోసమే అనుకుంటే పొరపాటు. పెద్ద పరికరాల కంపెనీల వద్ద భాగస్వామి హోదా నిలబెట్టుకోవాలంటే, అమ్మకం సంస్థలో నిర్ణీత సంఖ్యలో ధ్రువపత్రం ఉన్నవారు ఉండాలి. ప్రభుత్వ టెండర్లలోనూ ఇటువంటి నిబంధన కనబడుతుంది. కార్యాలయాల్లో ఫైళ్ళు చూసినవారికి ఇది కొత్త కాదు. టెండరు పరిశీలించే గుమాస్తా పనితనాన్ని కొలవలేడు, జతపరచిన పత్రాలను లెక్కించగలడు. వందల దరఖాస్తులు చూసే కంపెనీ మానవ వనరుల విభాగమూ అంతే.

ఇక్కడ మన సమాజానికి సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. 2006 నవంబరులో సచార్ కమిటీ సమర్పించిన నివేదిక, ముస్లింలు నెలజీతపు ఉద్యోగాల్లో తక్కువగానూ స్వయం ఉపాధిలో ఎక్కువగానూ ఉన్నారని తేల్చింది. పని నేర్చినవారు మనలో లేక కాదు. మనం నేర్చిన పనికి నమోదు లేదు. కార్ఖానాలో ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న విద్యకు ఉస్తాద్ మాటే పట్టా. ఆ మాట మొహల్లా దాటితే చెల్లదు.

2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు సమాన అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపిన అధ్యయనాన్ని ప్రచురించారు. అర్హత ఒకటే అయినా, అగ్రవర్ణ హిందూ పేర్లకంటే ముస్లిం పేర్లకు, దళిత పేర్లకు తక్కువ పిలుపులు వచ్చాయి. కనుక ధ్రువపత్రం ఉంటే చాలు, వివక్ష పోతుందని నేను మీకు ఆశ చూపలేను. దానిపై పోరాటం వేరే సాగవలసినదే. అయితే అనుభవం అనేది తెలిసినవారు తెలిసినవారికి ఇచ్చుకొనే వస్తువు. మామయ్య కంపెనీలో ఉన్నవానికి అనుభవం ఇంటికి నడిచి వస్తుంది. మనవానికి లోపల మామయ్య ఎవరు? పరీక్షా కేంద్రంలోని కంప్యూటరు మాత్రం పేరు చూసి మార్కులు వేయదు. అందుచేత పలుకుబడి ఉన్నవారికంటే పలుకుబడి లేనివారికే ధ్రువపత్రం ఎక్కువ అవసరం అన్నది నా అభిప్రాయం. పనే చాలు, కాగితం ఎందుకని చెప్పే పెద్దమనుషులు సాధారణంగా కాగితం లేకుండానే లోపలికి పిలవబడినవారు!

అట్లని వ్యామోహం వద్దు. ఒకే ఏడాది మూడు నాలుగు ధ్రువపత్రాలు మూటగట్టి ఇస్తామనే ప్యాకేజీలకు అప్పు చేయకండి. చేతితో స్విచ్‌ను ముట్టనివాని దరఖాస్తులో నాలుగు ధ్రువపత్రాలు ఉంటే ఇంటర్వ్యూ చేసేవానికి గౌరవం కలగదు, అనుమానం కలుగుతుంది. ‘డంపులు’ అని ప్రశ్నలూ జవాబులూ కలిపి అమ్ముతున్నారు. అవి బట్టీ పట్టి వ్రాసినట్లు తేలితే సంస్థ ధ్రువపత్రాన్ని రద్దు చేయగలదు, మళ్ళీ పరీక్షకు రాకుండా నిషేధించగలదు.

దీనికంటే ఘోరమైనది నకిలీ అనుభవ పత్రం. ఇన్ని వేలకు ఇన్నేళ్ళ అనుభవం అని బేరం పెట్టేవారు మన నగరంలో ఉన్నారు. అబద్ధపు సాక్ష్యం మన దీన్‌లో ఎంతటి మహాపాపమో మీకు నేను చెప్పనక్కరలేదు. లోకరీతిగా చూసినా అది నిలవదు. కంపెనీలు భవిష్యనిధి ఖాతా చరిత్రను పరిశీలిస్తున్నాయి. ఉద్యోగంలో చేరిన తరువాత బయటపడితే జీతంతోపాటు పేరూ పోతుంది. ఆ తరువాత వచ్చే మన పిల్లవానిపై కూడా ఆ అనుమానం పడుతుంది.

నిజమైన అనుభవానికి నమోదు కల్పించటమే మనం చేయవలసిన పని. ప్రభుత్వోద్యోగికి సర్వీసు రిజిస్టరు ఉంటుంది. అందులో ఎక్కని సేవ పింఛనుకు లెక్కకు రాదు. మన పిల్లలకు ఆ రిజిస్టరు మనమే తయారు చేయాలి. దుకాణాలు నడుపుతున్న సోదరులు ఈ సభలో ఉన్నారు. మీ వద్ద చేరిన కుర్రవానికి ఒక నియామక పత్రం ఇవ్వండి. జీతం ఐదు వేలే అయినా బ్యాంకు ద్వారా ఇవ్వండి. వెళ్ళిపోయేనాడు కోపతాపాలు పక్కనబెట్టి, ఏ తేదీనుండి ఏ తేదీవరకు ఏయే పనులు చేశాడో వ్రాసి ఇవ్వండి. ఇది మీరు చేసే దానం కాదు, అతని హక్కు. కుర్రవాడు కూడా ఒక నోటుపుస్తకం పెట్టుకొని, ఏ రోజు ఏ లోపం వచ్చింది, ఎట్లా కనిపెట్టాడు, ఎట్లా సరిచేశాడు అని వ్రాసుకోవాలి. (ఖాతాదారుల పాస్‌వర్డులు మాత్రం అందులో వ్రాయకండి నాయనా!) ఇంటర్వ్యూలో ఆ పుస్తకమే అతనిచేత మాట్లాడిస్తుంది.

ఇప్పటికే పని తెలిసినవారికి మరొక దారి ఉన్నది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పూర్వ అభ్యసన గుర్తింపు అనే విభాగం పెట్టారు. ఉస్తాద్ వద్ద నేర్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వటమే దాని ఉద్దేశం. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో పని నేర్చుకొనే వీలూ ఉన్నది. గల్ఫ్ వెళ్ళదలచినవారు మరింత జాగ్రత్తపడాలి. సౌదీ అరేబియా ఇప్పుడు ఎలక్ట్రీషియన్, ప్లంబర్ వంటి వృత్తులకు సైతం నైపుణ్య పరీక్ష అడుగుతున్నది. అక్కడ కూడా నోటిమాట అనుభవానికి కాలం చెల్లుతున్నది.

మగపిల్లలకు నా సలహా ఇది: ముందు ఆరు నెలలు, ఏడాది చేతులతో పని చేయండి, ఆపైన ఒకే ఒక్క ధ్రువపత్రం సంపాదించండి. ఆడపిల్లల విషయంలో ఈ వరుస తిరగవేయాలి. నిచ్చెనెక్కి కేబులు లాగే పనికి అమ్మాయిని పిలిచే దుకాణం నాకు ఇంతవరకు కనబడలేదు. అనుభవం వచ్చిన తరువాతే ధ్రువపత్రం అంటే వారికి ఎన్నటికీ రాదు. కనుక వారు ముందే పరీక్ష ఉత్తీర్ణులై, నెట్‌వర్కులను పర్యవేక్షించే కేంద్రాలలో కూర్చొని చేసే ఉద్యోగాలకు ప్రయత్నించాలి. సాధనకు ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేరు సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ ద్వారా ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటరుపైనే స్విచ్‌లు, రౌటర్లు కలిపి, చెడగొట్టి, బాగుచేసి నేర్చుకోవచ్చు. చెడగొట్టటం మరువకండి. చక్కగా నడిచే నెట్‌వర్కు ఏమీ నేర్పదు.

మన కమిటీ తరఫున మసీదు పక్కగదిలో మూడు పాత కంప్యూటర్లు, రెండు వాడిన స్విచ్‌లు, ఒక రౌటరు సమకూర్చాము. కేబులు పనిలో ఆరితేరిన ఇద్దరు సోదరులు, సీసీఎన్‌ఏ ఉత్తీర్ణుడైన ఒక యువకుడు నేర్పటానికి ఒప్పుకున్నారు. ముగ్గురూ ఒకరి వద్ద ఒకరు నేర్చుకొంటారని కూడా మా ఆశ. వచ్చే శనివారం నుండి మగ్రిబ్ తరువాత ఇషా వరకు అబ్బాయిలకు, ఆదివారం ఉదయం పది గంటలకు అమ్మాయిలకు ఇన్‌షా అల్లాహ్ తరగతులు మొదలవుతాయి. ఫీజు లేదు. నోటుపుస్తకం మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలి.