మెయింటెనెన్స్ డబ్బులు దేనికి కడుతున్నాం?

కర్నూలు దగ్గరి ఓర్వకల్లుకు 2021లో విమానాశ్రయం వచ్చింది. 2024లో ఇక్కడి పారిశ్రామిక నోడ్‌కు కేంద్రం ఆమోదం తెలిపింది. ఉద్యోగాలకు వచ్చేవాళ్లు కొందరు కర్నూలులో ఫ్లాట్లు చూసుకుంటారు. ధర దగ్గర గట్టిగా బేరమాడతాం గానీ, నెలనెలా కట్టాల్సిన మెయింటెనెన్స్ సంగతి అడగడం మరిచిపోతాం.

వాచ్‌మన్ జీతం, లిఫ్టు, మెట్ల దగ్గర లైట్లు, నీళ్ల మోటారు అన్నీ అందులోనే. మన రాయలసీమలో ఎండాకాలం బోరు ఎండిందంటే ట్యాంకర్ల ఖర్చు తోడవుతుంది. అందుకే కొనేముందు బోరు ఎలా ఉందో అక్కడ ఉంటున్నవాళ్లనే అడగండి. చదరపు అడుగుకు ఇంత అని వసూలు చేస్తారా, ఫ్లాటుకు ఇంత అనా? పెద్ద ఖర్చుల కోసం ముందే కట్టించుకునే కార్పస్ ఫండ్ ఎవరి ఖాతాలో ఉంది? ఇవీ కనుక్కోండి.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం, ఫ్లాటు యజమానుల సంఘం బాధ్యత తీసుకునేదాకా అవసరమైన సేవలు నడపాల్సింది బిల్డరే. అందుకు తీసుకునే రుసుము సమంజసంగా ఉండాలి. ఇంకో ముఖ్యమైన మాట. ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం కనబడి మీరు తెలియజేస్తే, 30 రోజుల్లో బిల్డరు ఉచితంగా సరిచేయాలి. ఆ ఖర్చు మెయింటెనెన్స్ లెక్కలో చేరిస్తే ఒప్పుకోవద్దు.

ఓర్వకల్లు అక్కచెల్లెళ్లు 1990ల నుంచి పొదుపు సంఘాలు నడుపుతున్నారు. పుస్తకం తెరిచి లెక్క చూసుకోవడం వాళ్లకు కొత్త కాదు. అపార్ట్‌మెంట్ సంఘంలోనూ ఏడాదికోసారి బిల్లులతో సహా లెక్క చూపమని అడగండి, అది మీ హక్కు. బిల్డరు మాట వినకపోతే ఈ చట్టం కింద ఏర్పడిన ఏపీ రెరా సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. రసీదులు, ఒప్పంద పత్రం మాత్రం భద్రంగా పెట్టుకోండి.