సైకిలు చైను ఎంత వదులుండాలి?



పల్నాడులో హైస్కూలు లేని ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్ల పక్క ఊరికి పోవాలి. 2017లో ప్రభుత్వం 'బడికొస్తా' పథకం కింద సర్కారు బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. సైకిలు వచ్చింది, బాగానే ఉంది. కాని సాగర్ కుడికాలువ కట్ట మీద గతుకుల్లో చైను ఊడిపోద్ది. పిల్ల చేతులకు మసి, బట్టలకు మసి. బడికి ఆలస్యం. మూడుసార్లు ఇలా అయిందంటే ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు: "ఆడపిల్లకు ఈ సైకిలు ఎందుకు? బడి మానిపించండి."

తప్పు పిల్లది కాదు. చైను వదులైంది, అంతే. పానా ఉంటే పావుగంట పని.

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్. చదువుతోపాటు వేలమంది ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. దారిలో వెక్కిరించినవాళ్లు ఉన్నారు. అయినా ఆగలేదు. తొక్కడం వాళ్లకు వచ్చినట్టే, పానా పట్టడం మనకూ వస్తుంది.

అసలు చైను ఎందుకు వదులవుతుంది? సాగింది అంటాం. ఇనుము రబ్బరులాగా సాగదు. లంకెల మధ్య చిన్న పిన్నులు ఉంటాయి. అవి అరుగుతాయి. ఒక్కో లంకె దగ్గర వెంట్రుకవాసి తేడా. అన్ని లంకెలూ కలిస్తే చైను వేలాడుతుంది. నల్లరేగడి బురద, పిడుగురాళ్ల వైపు సున్నపు దుమ్ము నూనెలో కలిసి ఆకురాయిలాగా రాస్తాయి.

అయితే గట్టిగా బిగించేద్దామా? చాలామంది ఇక్కడే పొరబడతారు. నులక మంచం చూడండి. వదిలేస్తే నడుము నేలకు తగులుద్ది. మరీ బిగిస్తే పట్టె వంగుద్ది. చైనూ అంతే. బిగువెక్కితే తొక్కలేరు. ఇరుసులో గోళీలు, చైను, పళ్లు తొందరగా అరుగుతాయి.

గేర్లు లేని మామూలు సైకిలుకు అర అంగుళం వదులు ఉండాలి. సైకిలు స్టాండు వేయండి. కిందవైపు చైను మధ్యలో వేలితో పైకి ఎత్తండి, కిందికి నొక్కండి. మొత్తం కదలిక అర అంగుళం. పిల్లల స్కేలు పక్కన పెట్టి చూడండి. అంకెలు చదవడం వచ్చిందిగా! పెడలు కాస్త తిప్పి, ఆపి, మళ్లీ కొలవండి. నాలుగైదు చోట్ల ఇలా చూస్తే ఒకచోట బిగువు ఎక్కువ కనిపిస్తుంది. ఆ చోటే అర అంగుళం ఉండాలి.

ఒకరు తిప్పుతూ ఇంకొకరు కొలిస్తే, పెడలు ఆగాకే వేలు పెట్టాలి. చైనుకు, పళ్లకు మధ్య వేలు పడితే నలిగిపోద్ది. కొంగు నడుముకు దోపుకోండి.

ఇప్పుడు వెనక చక్రం రెండు పక్కలా నట్లు కొంచెం వదులు చేయండి. పూర్తిగా ఊడదీయక్కర్లేదు. చక్రాన్ని వెనక్కి లాగితే చైను బిగుస్తుంది, ముందుకు జరిపితే వదులవుతుంది. చక్రం వంకర పోకూడదు. రిమ్ముకూ అటూ ఇటూ ఉన్న గొట్టాలకూ మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఒక నట్టు కొంచెం, రెండోది కొంచెం బిగిస్తూ రండి. ఒకేసారి ఒకటి బిగిస్తే చక్రం పక్కకు లాగేస్తుంది. బిగించాక మళ్లీ కొలవండి. ఈ రెండో కొలత చాలామంది మానేస్తారు, మళ్లీ చైను ఊడిందని విసుక్కుంటారు. బ్రేకు కూడా నొక్కి చూడండి. చక్రం జరిగింది కదా, బ్రేకు దిమ్మలు రిమ్ముకు సరిగ్గా తగలాలి.

ఇంట్లో మోటారు సైకిలు ఉంటే ఈ అర అంగుళం దానికి వర్తించదు. గతుకుల్లో దాని వెనక చక్రం పైకీ కిందికీ ఊగుతుంది. అందుకని చైను ఇంకా వదులుండాలి. మిట్టపల్లాల్లో, మట్టిలో నడిపే డర్ట్ బైకులకు మరీ ఎక్కువ. ఎంతో బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. కొన్ని బళ్లకు చైను దగ్గరే కాగితం అంటించి ఉంటుంది. అది చదివి, ఇంజను ఆపి కొలవాలి.

సైకిలు చైను ఎంత లాగినా ఇంకా వేలాడుతోందా? చక్రం వెనక్కి జరగడానికి చోటు అయిపోయిందా? అయితే బిగించి లాభం లేదు, చైను మార్చాలి. షాపుకు వెళ్లినప్పుడు వెనక పళ్లు కూడా చూడమని అడగండి. పళ్లు కొక్కేల్లాగా అరిగి ఉంటే వాటి మీద కొత్త చైను కూడా జారుద్ది.