కుట్టు పడవలు, కోరంగి ఓడలు



పుస్తకముల యింటిలో నిలిచి, పుస్తకములకెక్కని విద్యను గూర్చి మాటలాడుట కొంత వింతగా తోచవచ్చును. అయినను, సముద్రతీరమున ఓడ కట్టువాడును, దానిని అపాయము దాటించువాడును కాగితము చూచి నేర్చినవారు కారు. నేటి నా ప్రసంగము వారిని గూర్చియే.

మన తూర్పు తీరమున సహజమైన రేవులు అరుదు. విశాఖపట్టణమువలె కొండ అడ్డు నిలిచిన చోట్లు కొద్ది, తక్కినదంతయు ఇసుక. దక్షిణమున, చెన్నపట్టణము వంటి చోట్ల, కెరటములు వరుసలు వరుసలుగా విరుగును. గోదావరి ముఖద్వారముల వద్ద భయము వేరు. అచట నీటి క్రింద కానరాని మేటలుండును. ఈ రెండు భయములకు రెండు విధములైన పడవలు పుట్టినవి.

చెన్నపట్టణమున ఓడరేవు నిర్మాణము 1870 తరువాతగాని ఆరంభము కాలేదు. అంతకుముందు ఓడలు దూరమున లంగరు వేసియుండ, మనుష్యులును సరుకులును మసూలా పడవలలో ఒడ్డు చేరవలసినదే. ఆ పేరెట్లు వచ్చెనో పండితులలో తగవున్నది. మనకు దానితో పని లేదు. పడవ కట్టుడు మాత్రము చూడదగినది. సుమారు 30 అడుగుల పొడవు. తేలికయైన మామిడి పలకలు. ఒక్క ఇనుప మేకైనను లేదు. పలకల అంచులకు బెజ్జములు వేసి, సందులమీద గడ్డి, పీచు పరచి, కొబ్బరినార త్రాటితో గట్టిగా కుట్టుదురు. లోపల ప్రక్కటెముకలవంటి అడ్డకఱ్ఱలును ఉండవు. మేకులు కొట్టిన గట్టి పడవ ఇసుకను తాకినచో కీళ్లు వదలి పగులును. కుట్టు పడవ వంగును, మెలితిరుగును, మరల సరియగును. దానికి లోపము లేకపోలేదు. నీరు ఊరుచునే యుండును. తోడుటకొక మనిషి కావలసినదే.

కాని పడవ ఎంత మంచిదైనను వెనుక నిలుచువాడు తెలివిగలవాడు కావలెను. తండేలు పొడవైన తెడ్డు పట్టి, కెరటములు విరుగు చోటికి ఆవల పడవను నిలిపి, పెద్ద కెరటము వచ్చువరకు వేచియుండును. అది వచ్చినంతనే కేక వేయును. తెడ్లవాండ్రు ఒక్క ఊపున లాగుదురు. కెరటము వీపున ఒడ్డు చేరవలెను. పడవ అడ్డము తిరిగెనా, బోర్లపడుటయే. అట్టి వేళ మునిగినవారిని పైకి లాగుటకు తెప్పలవాండ్రు ప్రక్కనే తిరుగుచుండెడివారు. ఓడలకు ఉత్తరములు కొనిపోవువారును వీరే. చాపతో అల్లిన కోసు టోపీలో కాగితము దాచుకొని, కెరటములలో మునిగి లేచుచు పోవువారట! నేటి తపాలావారికి ఈ కష్టము లేదు.

ఇక గోదావరి దెస చూతము. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతములు ఒకప్పుడు ఓడల పనికి పేరెన్నికగన్నవి. ఇచట ఓడను కుట్టరు; మేకులతో బిగింతురు. అడుగు మాత్రము చదునుగాను వెడల్పుగాను ఉంచెదరు. పాటు వచ్చి నీరు తీసినప్పుడు ఓడ బురదమీద ఒరగక కూర్చుండవలెను గదా! వడ్రంగికి పటము లేదు. కన్ను, నూలుత్రాడు, తండ్రి చేతివాటము, ఇంతే.

మొగ దాటించువానికి గుండు కట్టిన త్రాడే పుస్తకము. బారలు లెక్కించును, అడుగున తగిలినది ఇసుకయో బురదయో చూచును, నీటి రంగు చూచును. వరద వచ్చి తగ్గినచో మేట జరుగును. నిరుటి త్రోవ ఈ యేడు ఉండదు. కావున ఈ విద్య ఒకసారి నేర్చి దాచుకొనునది కాదు. ఏటేట మరల నేర్వవలసినదే.

నేర్పరితనమునకు లొంగనిదియు ఒకటి యున్నది. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన గాలివానలకు సముద్రము కోరంగిమీద పడెను. హెన్రీ పిడింగ్టన్ అను నాయన తుపానులకు ‘సైక్లోన్’ అను పేరు పెట్టి, 1848లో నావికులకై వ్రాసిన గ్రంథమున కోరంగి ఉపద్రవమును వర్ణించెను. తరువాత ఒండ్రు పేరుకొని ఆ రేవు క్షీణించెను. వ్యాపారము కాకినాడకు తరలెను. అచటను పెద్ద ఓడలు చాలకాలము దూరముననే నిలిచి, చిన్న పడవలలో సరుకు దింపుకొనెడివి. లోతు రేవు 1997లో గాని ఏర్పడలేదు.

ఓడ పగిలినవాని గతి యేమి? తీరమునకు కొట్టుకొనివచ్చిన సరుకును రాజులు పట్టుకొనుట పూర్వాచారము. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయశాసనము వేయించి, ఆ యాచారమును మాన్పి, ముప్పదింట ఒక వంతు సుంకము తప్ప తక్కినది యజమానికే విడిచెను. నా మట్టుకు, ఆయన గెలిచిన యుద్ధములకంటె ఈ రాయియే గొప్పగా తోచును.

ఇప్పుడు తీరమున ఫైబరు పడవలు ఎక్కువైనవి. అవి తేలిక, మరమ్మతు తక్కువ. బెస్తవాడు వానిని కోరుటలో తప్పు లేదు. అయితే కొయ్య పడవతోపాటు దాని మాటలును పోవుచున్నవి. పలకకొక పేరు, కుట్టుకొక పేరు, గాలికొక పేరు, ఇవి నిఘంటువులలో అన్నియు దొరకవు. అందుచేత కార్యదర్శిగారిని ఒకటి కోరినాను. ఈ గ్రంథాలయపు బల్లమీద తెల్ల కాగితముల పుస్తకమొకటి ఉంచెదరు. మీలో తాతలు తండేళ్లుగానో, వడ్రంగులుగానో ఉన్నవారు వచ్చి, జ్ఞాపకమున్నంతవరకు చెప్పుడు. వ్రాయుట రానివారి పక్షమున వ్రాయుటకు ఆదివారము సాయంకాలములలో నేనే కూర్చుందును.