తగ్గిన దేహము, తగ్గని భయము



స్థూలకాయమును తగ్గించుటకై చేయు శస్త్రచికిత్సను గూర్చి పట్టణములలో పలువురు వినియున్నారు. మన పల్లెలలో ఆ మాట ఇప్పుడిప్పుడే చెవిని బడుచున్నది. ఆ చికిత్స యెట్లు చేయుదురో వైద్యులు చెప్పగలరు. ఇంటికి తిరిగి వచ్చిన మనిషికి పిమ్మట కలుగు భయములెట్టివో, ఊరి పెద్దలు వానికెట్లు తోడుపడవలెనో చెప్పుటకు ఆ చికిత్స పొందినవాడును కొంత తగినవాడే. అందులకే నేను మీతో మాటలాడుచున్నాను.

నేను ఆదోనివాడను. పత్తి యార్డులో కమీషను వ్యాపారము మా యింటి వృత్తి. నలువదియారవ యేట నా బరువు 142 కిలోలు. ఇంటిలోని తూకపు యంత్రము అంత బరువు చూపలేకపోగా, పత్తి బోరెములు తూచు కాటాపై నిలిచి తెలిసికొంటిని. మధుమేహము, రక్తపుపోటు, మోకాళ్ల నొప్పి నన్ను విడువవయ్యెను. రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చుచుండెను. పథ్యములు, నడకలు, మందులు అన్నియు నయిన పిమ్మట వైద్యులు శస్త్రచికిత్స సలహా యిచ్చిరి. పదునెనిమిది నెలలలో 86 కిలోలకు దిగితిని.

ఈ చికిత్సయందు ఒంటి కొవ్వును కోసి తీయుదురని కొందరనుకొందురు; అది నిజము కాదు. వైద్యులు పనిచేయునది జీర్ణాశయముమీద. 'స్లీవ్' అను పద్ధతిలో జీర్ణాశయమున రమారమి నాలుగింట మూడు వంతులు తొలగించి, మిగిలినదానిని అరటికాయ వంటి సన్నని గొట్టముగా నుంచుదురు. 'బైపాస్' అను పద్ధతిలో జీర్ణాశయపు పైభాగమును చిన్న సంచిగా చేసి, దానిని చిన్నప్రేగున దిగువ భాగమునకు కలుపుదురు. ఈ రెండవ దానికి 1966 లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు నాంది పలికెను. ఆకలి పుట్టించు గ్రెలిన్ అను పదార్థము జీర్ణాశయములోనే ఎక్కువగా పుట్టును. దానిని 1999 లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. స్లీవ్ చేసినపుడు అది పుట్టుచోటు చాలవరకు తొలగిపోవును. కావున కడుపు చిన్నదగుటయే గాక ఆకలియు తగ్గును.

ఇది సోమరుల ఉపాయమని యెగతాళి చేయువారు కలరు. 2011 లో నితిన్ గడ్కరీగారును, 2014 లో అరుణ్ జైట్లీగారును ఇట్టి చికిత్స చేయించుకొనిరి. రోగమునకు మందు పుచ్చుకొనుట సిగ్గుపడదగిన పని కాదు. సుఖమైన దారియు కాదు. ఆ దారిలో నెదురైన భయములను వరుసగా చెప్పెదను.

మొదటిది అన్నమును గూర్చిన భయము. మొదటి వారములలో ద్రవములు, పిమ్మట మెత్తగా మెదిపిన ఆహారము, దాదాపు నెల గడచిన తరువాతనే మెల్లమెల్లగా ఘనాహారము. నాలుగు జొన్నరొట్టెలు అలవోకగా తినినవాడను, అర రొట్టెకు చేయి కడిగికొంటిని. ముద్ద మింగునపుడెల్ల లోపలి కుట్లు తెగునేమో అని గుండె దడదడలాడెడిది. ఒక్కొక్క ముద్దను బాగుగా నమిలి, నీళ్లను భోజనముతో గాక విడిగా గుటక గుటకగా త్రాగుట నేర్చినకొలది ఆ భయము తగ్గినది. ముందుగా పప్పు, గ్రుడ్డు, పెరుగు వంటివి తిని, దినమునకు 60 గ్రాములకు తగ్గకుండ మాంసకృత్తులు పుచ్చుకొనవలెనని వైద్యులు విధించిరి. బి12, ఇనుము, కాల్షియము, డి విటమిను బిళ్లలు బ్రతికినంత కాలము వేసికొనవలెను.

రెండవది అద్దమును గూర్చిన భయము. ఇది విచిత్రమైనది. శరీరము నెలలలో తగ్గును. మనస్సు మాత్రము పాత శరీరమునే చాలకాలము మోయుచుండును. బస్సులో ఇద్దరు కూర్చుండు సీటున ఒకని ప్రక్క చోటున్నను, అది నాకు చాలదని నిలుచుండెడివాడను. సన్నని వాకిలి కనబడిన పక్కకు తిరిగి నడచెడివాడను. దర్జీ కొలత తీసికొని చెప్పిన అంకె నమ్మక మరల కొలువుమంటిని. ఇక చొక్కా విప్పిన దుఃఖము వేరు. పొట్టమీద, చేతులక్రింద చర్మము వదులై వ్రేలాడెను. మూడవ నెల మొదలు దువ్వెనకు వెండ్రుకలు గుప్పెడు గుప్పెడుగా వచ్చెను. ఇది చాలమందికి కలుగునదే. తగిన పోషణ యున్నచో నెలలు గడచినపిమ్మట జుట్టు మరల మొలచును. నాకును మొలచినది. వదులైన చర్మము మాత్రము వ్యాయామముచే కొంతయే బిగియును.

మూడవది జనుల కన్నులను గూర్చిన భయము. పెద్దలారా, ఇందు మీ పాత్ర కలదు గనుక శ్రద్ధతో వినుడు. మనది కరువు సీమ. 1953 వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో నుండెను. 1876 మొదలు 1878 వరకు చెలరేగిన ధాత కరువున మిక్కిలి నష్టపడిన జిల్లాలలో బళ్లారి, కర్నూలు రెండును కలవు. ఎముకలు కనబడిన మనిషిని చూచిన ఈ సీమవారికి గుండె ఝల్లుమనుట సహజము. బొజ్జ కలిమికి గుర్తు. చిక్కుట లేమికో రోగమునకో గుర్తు. ఆ తలంపు మన పలకరింపులో నిలిచిపోయినది.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఏటేట పోవుట మా యింటి ఆచారము. చికిత్స జరిగిన మరుసటి జాతరలో పది యడుగులకొకరు నన్ను నిలిపిరి. "ఏమన్నా, ఇట్ల సన్నగైపోతివి? ఒంట్లో బాగలేదా?" అని ఒకరు. "వ్యాపారములో దెబ్బ తగిలెనా?" అని ఇంకొకరు. "ముఖములో కళ పోయెనే!" అని మా పెద్దమ్మ వరుసయగు ముసలమ్మ కన్నీరు పెట్టెను. వారిలో ఒక్కరికైనను నాయందు ద్వేషము లేదు. అందరిదియు ప్రేమయే. అయినను ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రక్తపుపోటు తగ్గినది, మధుమేహపు మాత్రలు తగ్గినవి, మోకాలు నొప్పి లేక గుడి మెట్లెక్కితిని. ఇన్నియు కలిసి యిచ్చిన ధైర్యమును ఆ మాటలు ఒక్క పూటలో హరించెను.

ఎమ్మిగనూరిలోనే నేనెరిగిన ఒక చేనేత యిల్లాలు ఇట్టి చికిత్సయే పొందెను. 1938 లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘము వలన పేరుగన్న ఊరది. దేహభారముచే ఆమె మగ్గపు గుంటలో కాళ్లు పెట్టి కూర్చుండుట మానినది. బరువు తగ్గిన పిమ్మట మరల కూర్చుండి నేయసాగెను. అయినను గాజులు జారుచున్నవని, జుట్టు పలుచనైనదని ఆడవారు జాలిపడగా, పేరంటములకు పోవుట మానుకొనెను. ఆమె అత్తగారు జ్ఞానవంతురాలు. వచ్చినవారితో "మా కోడలు ఇప్పుడు మగ్గములో కూర్చుంటాది, చూడండి" అని మగ్గము వద్దకు పిలుచుకొని పోవుచుండెను. దేహము ఎట్లున్నదని గాక, ఏ పని చేయగలుగుచున్నదని చూచుట ఆ ముసలామె ఊరికి నేర్పినది. కొన్ని నెలలకు కోడలు తానే పేరంటమునకు బయలుదేరెను.

నాకును అదియే మందైనది. అద్దము ముందర నిలుచుట తగ్గించి, ఒక చిన్న పుస్తకములో ఆనాడు చేయగలిగిన పని వ్రాసికొనుట మొదలుపెట్టితిని. ఆదోని కొండ కొంత దూరము ఎక్కితిని, నేల కూర్చుండి లేచితిని, మనుమరాలిని ఎత్తుకొంటిని. ఇట్టి మాటలే దానినిండ నున్నవి. ఇదే చికిత్స పొందిన మరి యిద్దరితో మాటలాడుటయు మేలు చేసినది. నాకు మాత్రమే జరుగుచున్నదను తలంపే సగము భయము.

నాలుగవది, పోయిన బరువు తిరిగి వచ్చునను భయము. కొంత తిరిగి వచ్చుట పలువురికి కలదు. అట్లని దినమునకు మూడు మారులు తూచుకొనిన భయమే పెరుగును. వారమునకొకమారు తూచుకొని, ఏటేట వైద్యునకు చూపించుకొనుట చాలును.

ఇక పెద్దలకు నా మనవి. సన్నబడిన మనిషి యెదురైనచో "చిక్కిపోతివి" అనకుడు. "బాగున్నావా? పనులు సాగుతున్నవా?" అని అడుగుడు. చెప్పదలచినచో అతడే చెప్పును. పెండ్లిపంక్తిలో "ఇంకొక ఓళిగ వేయించుకో, మా మాట కాదనకు" అని బలవంతపెట్టకుడు. అట్టి కడుపుకు మితి మీరిన తీపి తగిలిన చెమటలు, తల త్రిప్పుట, గుండెదడ కలుగవచ్చును. సారాయి, బ్రాందీ చేతికియ్యకుడు. ఇట్టి చికిత్స పొందినవారికి, అందును బైపాస్ అయినవారికి, మత్తు త్వరగా నెక్కును. అలవాటు ముదురు భయమును కలదు.

మానని వాంతులు, కాళ్ల తిమ్మిరి, నడక తడబడుట కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పంపుడు. మనిషి ఎవరితోను మాటలాడక మూలనుండి, "బ్రతికి యేమి లాభము" అను మాట ఒక్కమారు పలికినను, దానిని విసుగని త్రోసివేయకుడు. అతనిని ఒంటరిగా విడువక మానసిక వైద్యునియొద్దకు మీరే వెంట తీసికొని పొండు. శస్త్రచికిత్స తరువాత కొందరికి ఇట్టి దిగులు కలుగుట వైద్యులెరిగినదే. తాయెత్తులతో కాలము గడుపవలదు.

వైద్యుడు చేయు పని కొన్ని గంటలలో ముగియును. మారిన దేహములో మనిషి కాపురముండుట నేర్చుటకు ఏండ్లు పట్టును. ఆ ఏండ్లలో అతడు రోజూ నడచునది మీ రచ్చకట్ట ముందుగానే. అచ్చట మీరు పలుకు మాట అతనికి భయము కాకుండ, బలమై యుండుగాక.