అడవి కోసం చందా: పద్దు పుస్తకం ఎవరి చేతిలో ఉండాలి?

(ఆస్పరిలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అడవిని కాపాడుకోవడానికి డబ్బు ఎట్లా పోగుచెయ్యాలి అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. డబ్బు మాట ఎత్తితే మన కార్యకర్తల్లో చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది. ఉద్యమమంటే మనకు ఊరేగింపు, ధర్నా, కరపత్రం. చందా పుస్తకం మాత్రం ఎవరో ఒక పెద్దమనిషి జేబులో ఉంటుంది. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్న లెక్క ఆడవాళ్ల దాకా రాదు. అందుకని, ఎంత కావాలి అన్న ప్రశ్న కంటే ముందు ఆ డబ్బు మీద అధికారం ఎవరిది అన్న ప్రశ్న వేసుకుందాం.

మన పక్కనే ఉన్న దేవనకొండ మండలంలో 2024లో జరిగిన సంగతి మీకందరికీ తెలుసు. ఆదోని రేంజిలోని కప్పట్రాళ్ల రిజర్వు అడవి 468 హెక్టార్లు. అందులో 6.8 హెక్టార్లలో యురేనియం నిక్షేపాల కోసం 68 బోర్లు వెయ్యాలని కేంద్ర అణు ఖనిజ సంస్థ ప్రతిపాదించింది. సంగతి బయటకు పొక్కగానే కప్పట్రాళ్లతో పాటు చుట్టుపక్కల ఊళ్లు కదిలాయి. నవంబరు మొదట్లో జనం రోడ్డు మీద బైఠాయించారు. బోర్లు వెయ్యడం లేదని జిల్లా కలెక్టరు ప్రకటించాల్సి వచ్చింది. ఒకప్పుడు ముఠా కక్షల పేరుతోనే పత్రికలకెక్కిన ఊరు, ఈసారి అడవి కోసం ఒక్కటైంది. ఇది చిన్న విజయం కాదు.

కానీ ఈ విజయం ఎంత గట్టిది? ఒక అధికారి ఇచ్చిన మాట ఆయన బదిలీ అయ్యేదాకా నిలవచ్చు. చట్టం మాత్రం అడవికి ఎదురుగా జరుగుతోంది. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించారు. సర్వేలు, అన్వేషణ కోసం చేసే తవ్వకాలను 'అటవీయేతర పని'గా లెక్కించకుండా ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆ సవరణతో కేంద్రానికి వచ్చింది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. అంటే రేపు ఇంకోసారి బోరు బండి వస్తే, మనల్ని కూర్చోబెట్టి అడగాల్సిన సభ కూడా ఉండకపోవచ్చు. రోడ్డు మీద ఒకరోజు కూర్చోవడానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. ఏళ్ల తరబడి కాగితాల వెంట తిరగడానికి కావాలి.

ఇక్కడ అడవి ఎవరిది అన్నది కూడా చూడాలి. మన ప్రాంతపు అడవులు నల్లమల వంటివి కావు. వానలు తక్కువ, ముళ్లచెట్లూ పొదలూ ఎక్కువ. పై అధికారి కంటికి అది పనికిరాని గుట్ట. కట్టెల మోపు ఎత్తుకునే మనిషికి అది పొయ్యి. గొర్రెలు, మేకలు తోలే ఇంటికి అది మేత. సీతాఫలాలు తట్టకెత్తి అమ్ముకునే ముసలమ్మకు అది నాలుగు రూపాయలు. వానలు మొహం చాటేస్తే పశ్చిమ మండలాల కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయల కోతకు, తెలంగాణ పత్తి చేలకు సుగ్గికి పోతాయి. ఊళ్లో మిగిలే ముసలివాళ్లను, పసిపిల్లలను, పశువులను చూసుకునే ఆడవాళ్లకు ఆ గుట్టే ఆసరా. ఈ శ్రమ ఏ లెక్కలోనూ ఎక్కదు. అడవిని వేరే పనికి మళ్లిస్తే హెక్టారుకు ఇంత అని కట్టించుకునే సొమ్ము, 2016 నాటి పరిహార అటవీకరణ నిధి చట్టం ప్రకారం, ప్రభుత్వ నిధిలోకి పోతుంది. మోపు పోగొట్టుకున్న మనిషికి అందులో పద్దు లేదు.

పరిహారం డబ్బు ఎట్లా పనిచేస్తుందో చెప్పడానికి చిప్కో ఉద్యమంలోని ఒక్క రోజు చాలు. 1974 మార్చి 26న, ఇప్పుడు ఉత్తరాఖండ్‌లో ఉన్న రేణి గ్రామంలో మగవాళ్లు ఊళ్లో లేరు. ఎప్పుడో సైన్యం తీసుకున్న భూములకు పరిహారం ఇస్తామంటే చమోలీ వెళ్లారు. అదే రోజు గుత్తేదారు మనుషులు గొడ్డళ్లతో అడవికి వచ్చారు. గౌరాదేవి, ఆమె వెంట ఉన్న ఆడవాళ్లు చెట్లకు అడ్డం నిలిచి వాళ్లను వెనక్కి పంపారు. డబ్బు కోసం పిలిచింది మగవాళ్లను. అడవి మిగిలింది ఆడవాళ్ల వల్ల. డబ్బు గురించి మాట్లాడే చోట స్త్రీలు ఎందుకుండాలో ఇంతకంటే విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక ఖర్చు సంగతి. చట్టం దగ్గరకు పోవడం మనం భయపడేంత ఖరీదైన పని కాదు. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. నష్టపరిహారం కోరని కేసుకు జాతీయ హరిత ట్రిబ్యునల్ రుసుము 1000 రూపాయలు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచితంగా వకీలును పొందే హక్కుంది. దరఖాస్తు స్త్రీ పేరు మీద పెడితే వకీలు ఖర్చే తప్పుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని ఊళ్లు అప్పు చేసి కోర్టులకు పోతున్నాయో ఆలోచించండి.

మరి డబ్బు దేనికి కావాలి? ఒకరోజు కర్నూలు పోతే పోయే కూలికి. బస్సు చార్జీకి. కాగితాల నకళ్లకు. దక్షిణ ప్రాంత హరిత ట్రిబ్యునల్ చెన్నైలో ఉంది. ఆస్పరి స్టేషను మీదుగా పోయే పట్టాలు అక్కడిదాకా పోతాయి నిజమే, కానీ ఇద్దరు మనుషులు పోయి రావాలంటే రెండు మూడు రోజుల పని పోతుంది, ఇంట్లో పసిపిల్లను ఎవరో చూడాలి. ఇప్పటిదాకా ఈ ఖర్చును స్త్రీలు చెప్పకుండా భరిస్తున్నారు. దాన్ని బయటపెట్టి ఖర్చు కింద రాయడమే మన నిధికి మొదటి పని. పోయిన కూలిని నిధి ఇస్తే కూలిమనిషి కూడా ప్రతినిధిగా పోగలదు. ఇవ్వకపోతే ఇంట్లో తిండికి లోటు లేనివాళ్లే పోతారు, వాళ్లు చెప్పిందే ఊరి మాట అవుతుంది.

డబ్బు ఎక్కడినుంచి తేవాలి? సినిమా నటులు అడవులను దత్తత తీసుకోవడం చూశాం. 2020లో ప్రభాస్ హైదరాబాదు దగ్గరి ఖాజీపల్లి అడవికి, 2022లో నాగార్జున చెంగిచెర్ల అడవికి రెండేసి కోట్లు ఇచ్చారు. ఇచ్చినవారి మంచి మనసును శంకించను. అయితే దాత డబ్బుతో ముందుగా వచ్చేవి కంచె, గేటు, నడక దారి. మేకలు తోలే మనిషి ఆ గేటు దగ్గర ఆగిపోతుంది. గనుల గుత్తేదారులు, పార్టీల నాయకులు ఇచ్చే చందా సంగతి వేరే చెప్పక్కర్లేదు. సంస్థల్లో పనిచేసే మిత్రులకు ఇంకో హెచ్చరిక: 2020 సవరణ తర్వాత విదేశీ నిధులను ఒక సంస్థ మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. మీ ప్రాజెక్టు డబ్బును ఊరి పోరాటానికి తిప్పుదామనుకుంటే ఊరికీ మీకూ చిక్కే.

మన ఆడవాళ్లకు డబ్బు కూడబెట్టడం ఎవరూ నేర్పనక్కరలేదు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం 1993 అక్టోబరు 1న సారా నిషేధం సాధించింది. ఆ వెంటనే నెల్లూరు జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున పొదుపు సంఘాలు లేచాయి. అంటే మన పొదుపు పోరాటంలోంచి పుట్టింది. తర్వాత తర్వాత సంఘమంటే బ్యాంకు కిస్తీ, వడ్డీ, సంతకం అన్నంతవరకే మిగిలింది. ఆ రూపాయిలో కొంత మళ్లీ పోరాటానికి రావాలని నేనంటాను. అయితే సంఘం మూలధనాన్ని ముట్టుకోవద్దు. అది రేపటి జబ్బుకూ విత్తనాలకూ దాచుకున్నది. అడవి నిధి వేరే ఉండాలి, వేరే ఖాతాలో ఉండాలి.

ఆ నిధికి నాలుగు నియమాలు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ఇంటికి ఇంత అని కాకుండా మనిషికి ఇంత అని వసూలు చెయ్యాలి. ఇంటిపేరున రాస్తే అది మగవాడి చందా అవుతుంది. అత్త పేరు, కోడలి పేరు విడివిడిగా పుస్తకంలో ఉండాలి. రెండు, డబ్బు లేనివారు ఒకరోజు పని ఇస్తే దాన్ని ఆనాటి కూలి రేటుకు చందాగా రాయాలి. మూడు, ఖాతా మీద ఇద్దరు స్త్రీల సంతకాలుండాలి, వారిలో ఒకరు అడవికి రోజూ పోయే మనిషి కావాలి. దళితవాడ నుంచి ఒక్క సంతకమూ లేని నిధిని ఊరి నిధి అనడానికి లేదు. నాలుగు, నెలకోసారి రచ్చబండ దగ్గర లెక్క చదవాలి. చదువు రాని వాళ్లకు అర్థమయ్యేలా నోటితో చదవాలి.

ఇదంతా ఎందుకంటే, 2019లో నల్లమల యురేనియం మీద ఆందోళన పెరిగాక తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ తీర్మానం ఇవాళ ఎవరైనా తీసి చూపించగల కాగితం. కప్పట్రాళ్ల అడవికీ అట్లాంటి కాగితం కావాలి. ప్రతిపాదన రద్దయిందా లేక పక్కన పెట్టారా అని అటవీ శాఖనూ అణు ఖనిజ సంస్థనూ లిఖితంగా అడగాలి. చుట్టుపక్కల ప్రతి గ్రామసభలోనూ తీర్మానం రాయించాలి. అడవి అంచున లేని ఆస్పరి ఊళ్లు కూడా ఇందులో కలవాలి. బోరు బండికి మండలాల సరిహద్దులు లెక్క కాదు.

భోజనాల తర్వాత ఊళ్లవారీగా కూర్చుంటాం. ప్రతి ఊరి నుంచీ ఖాతా మీద సంతకం చేసే ఇద్దరు ఆడవాళ్ల పేర్లు, మొదటి దరఖాస్తు ఎవరి పేరు మీద పెట్టాలన్నది తేల్చుకుని లేద్దాం. అంతవరకు నా మాటల మీద మీకున్న అభ్యంతరాలన్నీ అడగండి.