గన్నవరము – మధురపూడి: దూరమెంత? కాలమెంత?

(దెందులూరు ప్రాంత పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



దెందులూరు ప్రాంతమునకు రెండు విమానాశ్రయములు చేరువలో నున్నవి. నైఋతి దిశను గన్నవరము, ఈశాన్యమున రాజమహేంద్రవరము చెంతనున్న మధురపూడి. ఉపాధికై గల్ఫ్ దేశములకు పోవువారును, వైద్యమునకై హైదరాబాదు పోవువారును మీ గ్రామములలో గలరు. ఎచ్చట విమానమెక్కవలెను, ఇల్లు ఎప్పుడు విడువవలెను అని వారు మిమ్ములను అడుగుదురు. కావున దూరమును, కాలమును లెక్కించు విధమును నేడు మీకు వివరింపదలచితిమి.

పక్షి ఎగిరినట్లు తిన్నగా కొలిచినచో గన్నవరము నుండి మధురపూడికి సుమారు 126 కిలోమీటర్లు. రోడ్డు మార్గమున సుమారు 150 కిలోమీటర్లు. వైమానికులు దూరమును నాటికల్ మైళ్లలో చెప్పుదురు. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు గనుక, ఈ దూరము 68 నాటికల్ మైళ్లగును.

పంకాలతో నడచు చిన్న విమానము గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోగలదు. ఆ లెక్కన ఈ ప్రయాణమునకు పదునైదు నిమిషములు చాలవలెను. కాని చాలవు. విమానము రన్‌వే చివరకు పోవలెను, పైకెక్కవలెను, దిగుటకు ముందు వేగము తగ్గించుకొనవలెను, గాలికి ఎదురుగా దిగుటకై ఒక్కొక్కప్పుడు చుట్టు తిరుగవలెను. ఇవన్నియు కలిసి అరగంట పట్టును. పట్టికలలో చూపు కాలము, విమానము కదలినది మొదలు మరల నిలుచువరకు పట్టు కాలమే.

ఇక నేలమీది కాలమును చూడుడు. దేశములోని ప్రయాణమునకు రెండు గంటలు, విదేశ ప్రయాణమునకు మూడు గంటలు ముందుగా చేరుట మంచిది. దిగిన పిదప సామాను తీసుకొనుటకు అరగంట. ఈ లెక్కన గన్నవరము నుండి మధురపూడికి విమానమున మూడు గంటలగును. కారులోను ఇంచుమించు అంతే. కావున ఇంత కొద్ది దూరమునకు విమానము వలన లాభము లేదు.

హైదరాబాదు సంగతి వేరు. దెందులూరు నుండి గన్నవరమునకు సుమారు 50, మధురపూడికి సుమారు 100 కిలోమీటర్లు. గన్నవరము చేరుటకు ఒక గంట, అచ్చట రెండు గంటలు, విమానమున ఒక గంట, దిగిన పిదప అరగంట. మొత్తము నాలుగున్నర గంటలు. రోడ్డున ఆరేడు గంటలు పట్టును. ఇచ్చట రెండు గంటలు కలిసివచ్చును. మధురపూడికి పోయినచో ఆ లాభములో సగము దారిలోనే తరిగిపోవును.

తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచ యుద్ధకాలపు రన్‌వే యున్నది గదా యని కొందరు అడుగుదురు. రన్‌వే యొక్కటే విమానాశ్రయము కాదు. నియంత్రణ కేంద్రము, అగ్నిమాపక దళము, భద్రతా సిబ్బంది, ప్రభుత్వ లైసెన్సు ఉన్నగాని ప్రయాణికుల విమానములు దిగజాలవు.

మిత్రులారా! విమాన వేగము మీ చేతిలో లేదు. ఊరి నుండి జాతీయ రహదారికి చేరు బాట మీ చేతిలో నున్నది. తమ్మిలేరు పొంగినపుడు, కొల్లేటి నీరు వెనుకకు తన్నినపుడు, లంక గ్రామముల బాటలు మునుగును. గంట ఆలస్యమైనచో విమానము ఆగదు. టిక్కెట్టు సొమ్ము పోవును, రోగికి వైద్యము ఆలస్యమగును. కావున వర్షములకు ముందే తూములలో పూడిక తీయింపుడు, గోతులు పూడ్పింపుడు, నీటి లోతు తెలుపు గుర్తురాళ్లు నాటింపుడు. ఏ బాట మునిగినదో, ఏది తెరచియున్నదో ప్రతి ఉదయము పంచాయతీ కార్యాలయపు బోర్డుపై వ్రాయింపుడు. మీ గ్రామస్థుల ప్రయాణములో మీరు తగ్గింపగల కాలము ఇదియే.