బడి మానిన బిడ్డ కోసం బడి ఎలా ఉండాలి?

(నవంబరు 11, జాతీయ విద్యా దినోత్సవం నాడు నిజామాబాదులో ఒక సాయంకాల పాఠశాల నిర్వాహకులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్వతంత్ర భారతదేశపు తొలి విద్యాశాఖ మంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ జన్మదినాన్ని 2008 నుండి జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ రోజున ఆయన గొప్పతనాన్ని స్మరించుకోవడం ఆనవాయితీ. ఆ బాధ్యతను నా తరువాత మాట్లాడే పెద్దలకు వదిలి, కార్యక్రమ పత్రంలో రెండవ అంశంగా ఉన్న "వచ్చే సంవత్సరపు పాఠశాల అభివృద్ధి ప్రణాళిక" గురించి మాత్రమే మాట్లాడుతాను.

ముసాయిదా ప్రణాళికను శ్రద్ధగా చదివాను. గోడలకు రంగులు, రెండు కంప్యూటర్లు, వార్షికోత్సవం, నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని ఉన్నాయి. వీటిలో దేనికీ నేను వ్యతిరేకిని కాను. కానీ ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ని. ఏ ప్రణాళిక చేతికిచ్చినా ముందు పాత రిజిస్టరు తెరవడం నా అలవాటు. నిరుటి హాజరు పట్టీ తెరిచాను. మొదటి నెలలో పుట నిండా పేర్లు, హాజరు గుర్తులు. నెలలు గడిచే కొద్దీ గుర్తులు తగ్గి గడులు ఖాళీ అవుతూ వచ్చాయి. పరీక్ష ఫీజు కట్టే నాటికి సగం వరుసల ఎదుట ఏమీ లేదు. ఆ పిల్లలు ఎందుకు రాలేదో ఆ రిజిస్టరులో ఎక్కడా ఒక్క మాట కూడా రాసి లేదు.

గత రెండు నెలలుగా ఇద్దరు ఉపాధ్యాయులతో కలిసి వారి ఇళ్లకు వెళ్లాను. ఒక అబ్బాయి గ్యారేజీలో పని చేస్తున్నాడు. మన తరగతి ముగిసే వేళకు గాని అక్కడ షట్టరు దించరు. ఒక అమ్మాయి తల్లికి జబ్బు చేసింది. కార్ఖానాకు అప్పగించవలసిన బీడీల లెక్క ఆ బిడ్డ మీద పడింది. పదిహేడేళ్ల మరో కుర్రవాడు తలవంచుకుని, "సార్, నాకు పుస్తకం చదవడమే రాదు. చిన్నపిల్లల ముందు చదవమంటే సిగ్గుగా ఉంటుంది" అన్నాడు. ఇంకొకరికి ఆధార్‌లో ఒక పేరు, పాత బడి కాగితాల్లో మరొక పేరు ఉండడంతో దరఖాస్తు ఆగిపోయింది. చదువు ఇష్టం లేదని వారిలో ఒక్కరూ చెప్పలేదు.

ఈ సందర్భంలో నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక తల్లి తన కుమారుణ్ని వెంటబెట్టుకుని ధ్రువపత్రం కోసం వచ్చింది. పేరులో ఒక అక్షరం తేడా ఉంది. సరిచేయించుకుని రమ్మని పంపాను. ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితం తేవాలో చెప్పలేదు. అది నా పని కాదనుకున్నాను. ఆమె మళ్లీ రాలేదు. కొన్నేళ్ల తరువాత నా స్కూటరుకు పంక్చరు వేసిన యువకుడు నన్ను గుర్తుపట్టి నమస్కరించాడు. ఆ ఏడాదే బడి మానేశానని మామూలుగా చెప్పాడు. నన్ను నిందించలేదు. నిందించి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. పదవీ విరమణ తరువాత ఈ పాఠశాలకు వచ్చి కూర్చోవడానికి కారణాలు అడిగేవారికి ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. అసలు కారణం ఇదే.

2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదిక, 6 నుండి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖమే చూడలేదని లేదా మధ్యలో మానేశారని చెప్పింది. ఆ పిల్లలే ఇప్పుడు మన వీధుల్లో తండ్రులు, తల్లులు. వారి బిడ్డల విషయంలో అదే కథ మళ్లీ జరగకూడదు. కాబట్టి మన ప్రణాళిక గోడల నుండి కాక, ఖాళీ గడుల నుండి మొదలు కావాలని నా మనవి. ఇందుకు కొన్ని సూచనలు చేస్తాను.

మొదటిది, ఎవరిని చేర్చుకోవాలి అన్నది. పద్నాలుగేళ్లు నిండని బిడ్డను మనం చేర్చుకోరాదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం, మధ్యలో మానేసిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనుకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. ఆ బిడ్డకు పగటి బడి హక్కు. రాత్రి బడితో సరిపెడితే ఆ హక్కును మన చేతులతోనే వదులుకున్నట్లవుతుంది. అలాంటి పిల్లలను సమీప ప్రభుత్వ పాఠశాలకో, మైనారిటీ గురుకులానికో మనమే తీసుకువెళ్లి చేర్పించాలి.

రెండవది, పునాది. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాయడానికి పద్నాలుగేళ్లు నిండి, చదవడం రాయడం వస్తే చాలు. ఈ వెసులుబాటు వల్ల ఐదో తరగతితో ఆగిన పిల్లవాడి చేతిలో కూడా నేరుగా పదో తరగతి పుస్తకం పెడుతున్నాం. అది మేలు కాదు. చేరిన మొదటి మూడు నెలలు చదవడం, రాయడం, లెక్కలు మాత్రమే నేర్పుదాం. వార్తాపత్రిక, కిరాణా బిల్లు, తల్లి బీడీ కూలి లెక్కల పుస్తకం, ఇవే పాఠ్యపుస్తకాలు. పెద్ద కుర్రవాళ్లను చిన్నవారి మధ్య కూర్చోబెట్టకుండా వేరుగా బోధించాలి.

మూడవది, తొందర వద్దు. సార్వత్రిక విధానంలో ఒకసారి నమోదైతే ఐదేళ్ల గడువులో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. పాసైన సబ్జెక్టు పాసైనట్లే నిలుస్తుంది. రెగ్యులర్ పదో తరగతి తప్పినవారు అక్కడ పాసైన రెండు సబ్జెక్టుల వరకు మార్కులను ఇక్కడికి బదిలీ చేసుకోవచ్చు. పని చేస్తూ చదివే బిడ్డ కోసమే ఈ ఏర్పాటు. మనమేమో ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయించి, తప్పినవారిని పనికిరానివారిగా చూస్తున్నాం. మొదటి విడత రెండు సబ్జెక్టులు రాయిద్దాం. ఆ రెండూ పాసైన బిడ్డ ముఖం చూశాక తల్లిదండ్రులు మిగతా మూడింటికి తామే పంపుతారు. సబ్జెక్టుల ఎంపిక కూడా ఆ బిడ్డతో కూర్చుని చేయాలి. గణితం అంటే భయమని వదిలేస్తే రేపు పాలిటెక్నిక్ తలుపు మూసుకుపోతుందని ముందే చెప్పాలి. ఉర్దూలో చదువుకున్న బిడ్డను ఏ మాధ్యమంలో రాస్తావని అడగకుండా దరఖాస్తు నింపరాదు.

నాలుగవది, వేళలు. మగపిల్లలకు గ్యారేజీ మూసిన తరువాత, ఆడపిల్లలకు మధ్యాహ్నం, కార్ఖానాకు బీడీలు అప్పగించి వచ్చిన తరువాత తరగతులు పెడదాం. ఆడపిల్లల తరగతికి ఒక మహిళా కార్యకర్త వీధి మొదట్లో నుండి వెంట రావాలి. గ్యారేజీ యజమానులు మనవారే, మన పక్క వీధివారే. వారంలో మూడు రోజులు ఒక గంట ముందుగా పంపమని మనలో పెద్దలు వెళ్లి అడిగితే కాదనలేరు.

ఐదవది, కాగితాలు. ప్రతి విద్యార్థికీ ఒక ఫైలు తెరుద్దాం. ఆధార్, జనన ధ్రువపత్రం, పాత బడి టీసీ, అర్హులైనవారికి బీసీ-ఇ కుల ధ్రువపత్రం అందులో ఉండాలి. 2007లో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్ కోసం మన పెద్దలు ఎంత పోరాడారో మీకు తెలుసు. ధ్రువపత్రం లేని బిడ్డకు ఆ పోరాట ఫలితం అందదు. ఈ ఫైళ్ల బాధ్యత పూర్తిగా నాకు అప్పగించండి. ఏ కార్యాలయంలో ఏ కిటికీ వద్ద నిలబడాలో నాకు తెలుసు. ఈసారి పంపేసి ఊరుకోను, వెంట వెళతాను.

ఆరవది, రానివారి రిజిస్టరు. వరుసగా మూడు రోజులు రాని బిడ్డ ఇంటికి నాలుగో రోజు మనలో ఒకరు వెళ్లాలి. కారణం రాయాలి. నెలాఖరున కమిటీ మొదట ఆ పుటే చదవాలి.

ఇక నూరు శాతం ఉత్తీర్ణత మాట. దీన్ని సాధించడానికి ఒక సులువైన దారి ఉందని కొందరు మిత్రులు నాతో విడిగా చెప్పారు. ఫలానా ఏజెంటుకు ఇంత కడితే పాస్ గ్యారంటీ అట. వారి ఉద్దేశం మంచిదే, పేద బిడ్డకు ఒక సర్టిఫికెట్ దక్కాలన్నదే. కానీ ఆలోచించండి. ఆ సర్టిఫికెట్ పట్టుకుని బ్యాంకులో ఫారం నింపలేక నిలబడేది ఆ బిడ్డే. పట్టుబడితే భవిష్యత్తు పోగొట్టుకునేది ఆ బిడ్డే. పైగా అలాంటి పది కాగితాలు బయటికి వెళ్తే, రాత్రింబవళ్లు కష్టపడి పాసైన పదకొండో బిడ్డ సర్టిఫికెట్‌ను కూడా అనుమానంగా చూస్తారు. ఆ దారిలో నూరు శాతం కంటే నిజాయితీగా పాసైన ఇద్దరు నాకు ఎక్కువ. ఈ విషయంలో కమిటీ ఈ రోజే స్పష్టమైన తీర్మానం చేయాలని కోరుతున్నాను. తీర్మానం కాకపోతే నా పేరును కమిటీ జాబితా నుండి తొలగించవలసిందిగా వినయంగా మనవి చేస్తున్నాను.

తల్లిదండ్రులకు ఒక మాట. "ఆడపిల్ల, పది పాసై ఏం చేస్తుంది" అని మొన్న ఒక తండ్రి నన్ను అడిగారు. ఆయన భార్యే బీడీల లెక్కలో కమీషన్‌దారు కోత పెట్టినా తెలుసుకోలేకపోతున్నానని అదే ఇంట్లో నాతో వాపోయింది. ఆ అమ్మాయి ఏం చేస్తుందన్న ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లోనే ఉంది.

రాజ్యాంగంలోని 30వ అధికరణ మనకు విద్యాసంస్థలు నెలకొల్పి, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు వెంట ఒక బాధ్యత కూడా ఉంది. మనం నడిపే చోటు నుండి ఒక బిడ్డ వెళ్లిపోతే, ఎందుకు వెళ్లిందో మనం చెప్పగలగాలి. గోడలకు రంగులు వచ్చే ఏడాది వేసుకుందాం. నిరుడు మానేసిన పిల్లల పేర్లు ఈ కాగితం మీద రాసి తెచ్చాను. సమావేశం ముగిశాక బల్ల మీద పెడతాను. ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు ఎదుట సంతకం చేసి, ఆ బిడ్డ ఇంటికి వెళ్లే బాధ్యత తీసుకోవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను. మొదటి సంతకం నేను చేశాను.